రాజనీతిశాస్త్రం ప్రధానాంశంగా: ఏం చదువుతున్నాం, ఎలా చదవాలి

1.1 పరిచయం

ఇంటర్మీడియట్‌లో సి.ఇ.సి. లేదా హెచ్.ఇ.సి. చదివి వచ్చినవారికి ఈ శాస్త్రం సివిక్స్ పేరుతో కొంత పరిచయమే. మిగిలినవారికి కొత్త. ఇద్దరూ ఈ విషయాన్ని ఎంచుకోవడానికి చెప్పే కారణాలు మాత్రం దాదాపు ఒకటే. తేలిక అని కొందరంటారు. గ్రూప్స్ పరీక్షలకు పనికొస్తుందని కొందరు, రోజూ పేపరు చదివే అలవాటు ఉంది కాబట్టి నెట్టుకురావచ్చని ఇంకొందరు. ఈ మూడింటిలో రెండోది నిజం. మూడోది సగం నిజం. మొదటిది నిజం కాదు.

ఎందుకు కాదో ముందుగా చెప్పుకోవాలి. రసాయనశాస్త్రం చదవడానికి వచ్చిన విద్యార్థికి ఏ మూలకం మీదా అంతకుముందే అభిమానం గానీ కోపం గానీ ఉండవు. రాజనీతిశాస్త్రం విద్యార్థి అలా రాడు. ఇంట్లో, అరుగు మీద, టీ కొట్టు దగ్గర, ఫోనులో వచ్చే వీడియోల్లో విన్న అభిప్రాయాలతో వస్తాడు. ఒక పార్టీ అంటే ఇష్టం, ఒక నాయకుడంటే మంట ఉంటాయి. ఉండటం తప్పు కాదు, పౌరుడికి అవి ఉండాలి కూడా. అయితే అభిప్రాయం ఉండటం వేరు, ఆ అభిప్రాయం ఏ సూత్రం మీద నిలబడిందో చెప్పగలగడం వేరు. తనకు నచ్చని పార్టీ చేసినప్పుడు తప్పన్న పనిని, నచ్చిన పార్టీ చేసినప్పుడు కూడా అదే కొలతతో కొలవగలిగితే మీరు ఈ శాస్త్రంలోకి అడుగు పెట్టినట్లు. మూడు సంవత్సరాల సిలబస్‌లో అన్నింటికన్నా కష్టమైన భాగం ఇదే. దీనికి ఏ గైడులోనూ జవాబు దొరకదు.

1.2 మాటల దగ్గరే మొదటి చిక్కు

తెలుగు మాధ్యమంలో చదివేవారు మొదటి పాఠంలోనే ఒక ఇబ్బంది పడతారు. 'రాజ్యం' అనే మాట కనిపించగానే రాజులు, కోటలు గుర్తుకొస్తాయి. శాస్త్ర పరిభాషలో రాజ్యం అంటే అది కాదు. నిర్దిష్టమైన భూభాగం, ప్రజలు, ప్రభుత్వం, సార్వభౌమాధికారం ఈ నాలుగూ కలిసిన రాజకీయ వ్యవస్థ. ప్రభుత్వం అందులో ఒక భాగం మాత్రమే. ప్రభుత్వాలు ఎన్నికల్లో మారుతుంటాయి, రాజ్యం కొనసాగుతుంది. ప్రభుత్వాన్ని విమర్శించడం రాజ్యాన్ని వ్యతిరేకించడం కాదు అనే మాటకు ఆధారం ఈ తేడాయే.

ఇక 'రాష్ట్రం'. మనకు రాష్ట్రం అంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, తమిళనాడు వంటివి. హిందీలో ఇదే మాటకు జాతి, దేశం అనే అర్థం. వారు మన రాష్ట్రాన్ని 'రాజ్య' అంటారు. అందుకే రాష్ట్రానికి అధిపతి గవర్నర్ అయితే, 'రాష్ట్రపతి' దేశం మొత్తానికి అధిపతి. హిందీ మాటను మనం ఉన్నదున్నట్లు తీసుకోవడం వల్ల వచ్చిన తికమక ఇది. నవ్వుకుని వదిలేయవచ్చు గానీ, ఇతర భాషల పుస్తకాలు కూడా చూసేవారు గుర్తుపెట్టుకోవాలి.

హిందీలోనూ కన్నడంలోనూ 'సంవిధాన' అనేదాన్ని మనం 'రాజ్యాంగం' అంటాం. రాజ్యానికి అంగం అనే ఈ మాట కౌటిల్యుడి సప్తాంగ సిద్ధాంతాన్ని గుర్తుకు తెస్తుంది: స్వామి, అమాత్యుడు, జనపదం, దుర్గం, కోశం, దండం, మిత్రుడు. ఆధునిక రాజ్యపు నాలుగు లక్షణాలను దీని పక్కన పెట్టి చూడండి. జనపదంలో ప్రజలు, భూభాగం రెండూ ఉన్నాయి. కోశం, దండం మనం రాసే నాలుగింటిలో విడిగా లేవు. మిత్రుడు, అంటే ఇతర రాజ్యాలతో సంబంధం, రాజ్యానికే ఒక అంగం కావడం మరీ ఆసక్తికరం. విదేశాంగ విధానాన్ని సిలబస్ చివర తగిలించే మన అలవాటు కౌటిల్యుడికి లేదన్నమాట.

భారత రాజ్యాంగంలోని 12వ అధికరణ ఈ మాటను మరింత విస్తరించింది. ప్రాథమిక హక్కుల భాగానికి సంబంధించినంతవరకు కేంద్ర ప్రభుత్వం, పార్లమెంటు, రాష్ట్ర ప్రభుత్వాలు, శాసనసభలు, స్థానిక సంస్థలు, ఇతర ప్రాధికార సంస్థలు అన్నీ 'రాజ్యం' కిందికే వస్తాయి. అంటే మీ మునిసిపాలిటీ మీ ప్రాథమిక హక్కుకు భంగం కలిగిస్తే, చట్టం దృష్టిలో రాజ్యమే ఆ పని చేసినట్లు. ఒక మాటకు నిర్వచనం ఎంత పని చేస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

1.3 ఈ శాస్త్రం వచ్చిన దారి

దీన్ని క్లుప్తంగా చెప్పుకుందాం, రెండో సెమిస్టరులో వివరంగా వస్తుంది. అరిస్టాటిల్, ఆయన శిష్యులు 158 రాజ్యాంగాలను పోగుచేసి అధ్యయనం చేశారని సంప్రదాయం చెబుతుంది. వాటిలో ఏథెన్స్‌కు సంబంధించినది మాత్రమే మనకు మిగిలింది. మంచి రాజ్యం ఎలా ఉండాలి అని అడిగిన గురువు ప్లేటోకు, ఉన్న రాజ్యాలు ఎలా ఉన్నాయి అని వెతికిన శిష్యుడికి మధ్య తేడా ఇప్పటికీ ఈ శాస్త్రంలో రెండు పాయలుగా కొనసాగుతోంది. మన వైపు అర్థశాస్త్రం ప్రతి చాలా కాలం కనుమరుగై, 1905లో మైసూరులో ఆర్. శామశాస్త్రి దృష్టికి వచ్చింది, 1909లో అచ్చయింది. కౌటిల్యుడి మీద మన ఆధునిక చర్చంతా ఆ తరువాతిదే.

విశ్వవిద్యాలయాల్లో ప్రత్యేక శాస్త్రంగా నిలదొక్కుకున్నది 19వ శతాబ్దం చివర. కొలంబియా విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్ర విభాగం 1880లో ఏర్పడింది. మొదట రాజ్యాంగాలు, సంస్థలు చదివేవారు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత మనుషులు నిజంగా ఎలా ఓటు వేస్తారు, ఎలా నిర్ణయిస్తారు అన్నదానిపైకి దృష్టి మళ్లింది. దాన్నే ప్రవర్తనావాదం అన్నారు. సమాజంలో విలువల అధికారిక కేటాయింపే రాజకీయం అని 1953లో నిర్వచించిన డేవిడ్ ఈస్టన్, 1969 నాటికి ఆ ధోరణి సమాజపు సమస్యలకు దూరమైందని తానే విమర్శించాడు. అంకెల మోజులో అసలు ప్రశ్నలు మరిచిపోకూడదన్న ఆ విమర్శ నాకు ఇప్పటికీ సరైనదిగానే తోస్తుంది.

1.4 ఒక సంఘటన, కొన్ని చూపులు

రాజనీతిశాస్త్రంలోని విభాగాల పేర్లు వరుసగా చెబితే గుర్తుండవు. ఒకే సంఘటనను వాటి గుండా చూద్దాం. మీలో చాలామంది పుట్టకముందు జరిగినది, మీ ఇళ్లలో పెద్దలకు బాగా గుర్తున్నది.

1983 జనవరిలో ఎన్.టి. రామారావు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన పార్టీకి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. 1984లో అమెరికాలో గుండె శస్త్రచికిత్స చేయించుకుని తిరిగి వచ్చిన కొద్ది రోజులకే, ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ఆయన ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేశారు. ఆర్థిక మంత్రిగా ఉన్న నాదెండ్ల భాస్కరరావు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. బలం నిరూపించుకోవడానికి ఆయనకు నెల రోజుల గడువు దొరికింది. రామారావు తన వెంట ఉన్న శాసనసభ్యులను ఢిల్లీకి తీసుకువెళ్లి రాష్ట్రపతి ముందు నిలబెట్టారు. తరువాత వారిని కర్ణాటకలో ఉంచారు. రాష్ట్రమంతటా ఆందోళన సాగింది. గవర్నర్ మారారు, శంకర్ దయాళ్ శర్మ వచ్చారు. నెల తిరిగేసరికి, సెప్టెంబరు 16న రామారావు మళ్లీ ప్రమాణం చేశారు.

మొదట రాజ్యాంగం వైపు నుంచి చూడండి. జవాబు పత్రాల్లో చాలామంది దీన్ని '356వ అధికరణ కింద రద్దు' అని రాస్తారు. అది తప్పు. 1959లో కేరళలో జరిగింది 356. ఇక్కడ రాష్ట్రపతి పాలన రాలేదు, ఒక ముఖ్యమంత్రి స్థానంలో మరొకరు వచ్చారు. కాబట్టి చూడవలసింది 164వ అధికరణ. మంత్రులు గవర్నర్ ఇష్టం ఉన్నంతవరకు పదవిలో ఉంటారని అది చెబుతుంది. మంత్రిమండలి శాసనసభకు సమష్టిగా బాధ్యత వహిస్తుందనీ అదే అధికరణ చెబుతుంది. ఈ రెండు వాక్యాలూ ఒకదానితో ఒకటి తగాదా పడినప్పుడు ఏది నెగ్గాలి? పార్లమెంటరీ సంప్రదాయం ప్రకారం రెండోది. సభలో మెజారిటీ ఉందా లేదా అన్నది సభలోనే తేలాలి, రాజ్‌భవన్ గదిలో కాదు. కేంద్ర రాష్ట్ర సంబంధాలపై 1983లో ఏర్పడి 1988లో నివేదిక ఇచ్చిన సర్కారియా కమిషన్ ఇదే చెప్పింది. 356వ అధికరణ మీద 1994లో ఎస్.ఆర్. బొమ్మై కేసులో తీర్పు ఇచ్చిన సుప్రీంకోర్టు కూడా బలపరీక్షకు సభే వేదిక అని స్పష్టం చేసింది. 1984 నాటికి ఆ తీర్పు లేదు. ఒక తేదీ ముందూ వెనకా అయితే వాదన మొత్తం మారిపోతుంది. ఈ శాస్త్రంలో సంవత్సరాలు గుర్తుంచుకోమని చెప్పేది బిట్ల కోసం కాదు.

ఇప్పుడు రాజకీయ సిద్ధాంతం. పార్టీ గుర్తు మీద గెలిచిన శాసనసభ్యుడు పార్టీని విడిచి వెళ్లవచ్చా? ప్రతినిధి అంటే ఓటర్ల మాట మోసే దూత కాడు, తన విచక్షణను వారి కోసం ఉపయోగించేవాడు అని 1774లో ఎడ్మండ్ బర్క్ బ్రిస్టల్ ఓటర్లతో వాదించాడు. ఆ లెక్కన పార్టీ మారడం అంతరాత్మ స్వేచ్ఛ కావచ్చు. కానీ ఆ నియోజకవర్గ ప్రజలు వేసిన ఓటు అభ్యర్థికా, పార్టీకా, నాయకుడికా? 1983లో ఊరూరా తిరిగిన చైతన్య రథాన్ని చూసి ఓటు వేసినవారిని అడిగితే ఒక జవాబు వస్తుంది. స్థానిక అభ్యర్థిని చూసి వేసినవారు ఇంకొకటి చెబుతారు. అంతరాత్మ పేరుతో జరిగే ఫిరాయింపుల్లో మంత్రి పదవి పాత్ర ఎంత అన్నది వేరే ప్రశ్న.

ఆ ప్రశ్నకు చట్టం ఇచ్చిన జవాబు 1985లోని 52వ సవరణ, దానితో చేరిన పదో షెడ్యూలు. దానికి 1984 సంఘటన ఒక్కటే కారణం అనడం సరికాదు. 1967లో హర్యానా నుంచి 'ఆయారాం గయారాం' అనే మాట పుట్టిన నాటినుంచే ఈ బెడద ఉంది. ఆ సవరణ ఒక చిత్రమైన సందు వదిలింది. ఒక్కడు పార్టీ మారితే అనర్హత, మూడో వంతు మంది చీలితే రక్షణ. 2003లో 91వ సవరణ ఆ సందును మూసింది. మూడింట రెండు వంతుల విలీనం మాత్రం మిగిలింది. చిల్లర ఫిరాయింపును శిక్షించి టోకు ఫిరాయింపును మన్నించే చట్టం అని దీన్ని విమర్శించేవారు ఉన్నారు. ఆ విమర్శలో బలం ఉందనే నా అభిప్రాయం.

తులనాత్మక రాజకీయాలు చదివినవారు పక్క దేశాల వైపు చూస్తారు. పశ్చిమ జర్మనీలో 1982 అక్టోబరు 1న ఛాన్సలర్ హెల్మట్ ష్మిట్ పదవి కోల్పోయారు, హెల్మట్ కోల్ వచ్చారు. అక్కడా కారణం మద్దతుదారులు పక్క మారడమే. కానీ అక్కడి 67వ అధికరణ ప్రకారం, తరువాతి ఛాన్సలర్‌ను మెజారిటీతో ఎన్నుకుంటేనే ఉన్న ఛాన్సలర్‌ను సభ దించగలదు. దించడం, ఎక్కించడం ఒకే ఓటుతో సభలోనే జరిగాయి. ఎవరి దగ్గర ఎంతమంది ఉన్నారో గవర్నర్ లెక్కపెట్టవలసిన అవసరం గానీ, సభ్యులను వేరే ఊళ్లో దాచవలసిన అవసరం గానీ రాలేదు. జర్మన్లు మనకన్నా నీతిమంతులని దీని అర్థం కాదు. నిబంధన ఎలా రాసి ఉందో దాన్నిబట్టి మనుషుల ప్రవర్తన మారుతుందని.

ఇంకా ఎన్నికల అధ్యయనం మిగిలింది. అదే సంవత్సరం డిసెంబరులో లోక్‌సభ ఎన్నికలు జరిగాయి. కాంగ్రెస్ దేశంలో 400కు పైగా స్థానాలు గెలిచింది, పోలైన ఓట్లలో మాత్రం సగం దాటలేదు. ఆంధ్రప్రదేశ్‌లో దానికి భిన్నంగా 42 స్థానాల్లో 30 తెలుగుదేశానికి వచ్చాయి. ఒక ప్రాంతీయ పార్టీ లోక్‌సభలో ప్రతిపక్షాలన్నిటిలో పెద్దదిగా కూర్చుంది. సగం కన్నా తక్కువ ఓట్లు నాలుగింట మూడు వంతులకు పైగా స్థానాలుగా ఎలా మారతాయి? దేశమంతా ఒక వైపు వీచిన గాలి ఇక్కడ ఎందుకు మరో వైపు వీచింది? మొదటి ప్రశ్నకు మన ఎన్నికల పద్ధతిలో జవాబు ఉంది. రెండోదానికి ఆగస్టు సంఘటన, ఆత్మగౌరవ నినాదం, సామాజిక వర్గాల పొందిక, రెండు రూపాయల కిలో బియ్యం అన్నీ చూడాలి. అన్నింటినీ ఒక్క కారణానికి కుదించే జవాబుకు మార్కులు తక్కువ వస్తాయి, రావాలి కూడా.

1.5 మూలాన్ని చదవడం

రాజ్యాంగం గురించి రాసిన పుస్తకాలు చదువుతాం గానీ రాజ్యాంగం చదవం. ఈ అలవాటు మార్చుకోవాలి. తెలుగులో అధికారిక అనువాదం ఉంది. దాని భాష మొదట కొరుకుడుపడదు, పది అధికరణలు చదివాక అలవాటవుతుంది.

ఒకసారి ఆదివారం సంపర్క తరగతిలో, గ్రామ పంచాయతీ వార్డు సభ్యురాలిగా ఉన్న ఒక విద్యార్థిని లేచి అడిగింది: "సార్, 73వ సవరణతో పంచాయతీలకు 29 అంశాలు వచ్చాయని పుస్తకంలో రాశారు. మా చేతిలో వీధి దీపాలు, మురుగు కాలువలు తప్ప ఏమీ లేవు. పుస్తకం తప్పా, మేం తప్పా?" ఆ రోజు పాఠం పక్కన పెట్టి అందరం కలిసి ఆ అధికరణలే చదివాం. స్త్రీలకు, దళితులకు, గిరిజనులకు స్థానాలు కేటాయించాలని 243-డి ఆదేశిస్తుంది. అయిదేళ్ల గడువును 243-ఇ నిర్దేశిస్తుంది. అధికారాల బదిలీకి వచ్చేసరికి 243-జి, శాసనసభ చట్టం ద్వారా పంచాయతీలకు అధికారాలు 'ఇవ్వవచ్చు' అంటుంది. 'ఇవ్వాలి' అనలేదు. పదకొండో షెడ్యూలులోని 29 అంశాలు ఆ 'వచ్చు' మీద వేలాడుతున్నాయి. అందుకే ఆ సభ్యురాలికి కుర్చీ వచ్చింది, కుర్చీకి రావలసిన పని చాలావరకు రాలేదు. పుస్తకం తప్పు రాయలేదు, ఒక్క క్రియాపదం వదిలేసింది.

తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం సర్పంచ్‌తో పాటు ఉపసర్పంచ్‌కు కూడా చెక్కుపై సంతకం చేసే అధికారం ఇచ్చింది. దుర్వినియోగాన్ని అరికట్టే కాపలాగా దాన్ని చూడవచ్చు. ప్రజలు నేరుగా ఎన్నుకున్న సర్పంచ్‌ను, ముఖ్యంగా రిజర్వుడు స్థానంలో గెలిచిన మహిళనో దళితుడినో, మరొకరి సంతకం కోసం తిప్పే ఏర్పాటుగానూ చూడవచ్చు. మీ ఊళ్లో ఎలా జరుగుతోందో వెళ్లి అడగండి. పట్టణంలోని కళాశాల విద్యార్థి కన్నా ఉద్యోగం, వ్యవసాయం, ఇల్లు చూసుకుంటూ చదివే మీకు ఉన్న వెసులుబాటు ఇదే. రేషన్ కార్డు కోసం వరుసలో నిలబడినవారికి, ఎన్నికల విధుల్లో పనిచేసినవారికి పాలన గురించి తెలిసినంత తరగతి గదిలో తెలియదు.

దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో మొదలైనప్పుడు దాని తొలి ఉపకులపతి ఆచార్య జి. రామ్‌రెడ్డి. 1985లో ఇగ్నోకు కూడా ఆయనే తొలి ఉపకులపతి. ఉస్మానియాలో ప్రభుత్వ పాలనాశాస్త్రం బోధించిన మనిషి. పాలన గురించిన చదువు, చదువును అందరికీ చేర్చే పాలన ఆయన పనిలో కలిసిపోయాయి.

పత్రికల విషయం. ఒకే పత్రిక రోజూ చదివితే ఆ పత్రిక అభిప్రాయం మీ అభిప్రాయమని మీకే అనిపిస్తుంది. వారానికి ఒక రోజైనా భిన్న వైఖరులున్న రెండు పత్రికల్లో ఒకే వార్త చదవండి. శీర్షికలో ఏ క్రియ వాడారు, ఎవరి మాటను ముందు పెట్టారు, ఏ అంకె వదిలేశారు అన్నవి నోట్సులో రాసుకోండి. ఇందుకు అరగంట చాలు.

1.6 చదివాక

దాచకుండా చెప్పాలి. ఈ డిగ్రీ ఒక్కటే నేరుగా ఉద్యోగం తెచ్చిపెట్టదు. పోటీ పరీక్షల్లో దీని వల్ల లాభం ఉంది. సివిల్ సర్వీసెస్ మెయిన్స్‌లో రాజ్యాంగం, పాలన జనరల్ స్టడీస్ రెండో పేపరులో ప్రధాన భాగం. ఐచ్ఛికంగా తీసుకుంటే ఒక్కొక్కటి 250 మార్కులకు రెండు పేపర్లు ఉంటాయి. గ్రూప్స్‌లోనూ ఈ అంశాలకు గట్టి స్థానం ఉంది. మూడేళ్ల ఎల్‌ఎల్.బి., బి.ఎడ్., జర్నలిజం వైపు వెళ్లేవారికి ఇది మంచి పునాది. అయితే బిట్ బ్యాంకులు బట్టీ పట్టినవారికి, విషయం అర్థమైనవారికి తేడా మెయిన్స్‌లో వ్యాసం రాసేటప్పుడు బయటపడుతుంది. '164వ అధికరణ దేనికి సంబంధించినది' అనేది బిట్. '164లోని రెండు వాక్యాల మధ్య ఘర్షణను చర్చించండి' అనేది వ్యాసం. మొదటిదానికి జ్ఞాపకం చాలు.

1.7 అభ్యాసం

1995 ఆగస్టులో ఇదే రాష్ట్రంలో, అప్పటి ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు తన పార్టీ శాసనసభ్యుల్లో ఎక్కువమంది మద్దతు కోల్పోయారు. సభను రద్దు చేయాలని సిఫార్సు చేశారు. గవర్నర్ కృష్ణకాంత్ దాన్ని ఆమోదించకుండా బలం నిరూపించుకోమన్నారు. రామారావు రాజీనామా చేశారు. సెప్టెంబరు 1న చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు.

1984నూ 1995నూ పక్కపక్కన పెట్టి నాలుగు పుటలు రాయండి. గవర్నర్ పాత్ర రెండుసార్లూ ఒకటేనా? మెజారిటీ ఎక్కడ, ఎలా తేలింది? రెండోసారి పదో షెడ్యూలు అమలులో ఉంది, దాని ప్రభావం ఏమిటి? పార్టీ లోపల నాయకత్వం మారడం, పార్టీ నుంచి చీలిపోవడం ఒకటేనా? రెండూ సరైనవే అనవచ్చు, రెండూ తప్పే అనవచ్చు, ఒకటి సరైనది మరొకటి తప్పు అనవచ్చు. ఏదన్నా మొదటి పుటలోనే మీ సూత్రాన్ని ఒక వాక్యంలో రాయండి, రెండు సంఘటనలనూ దానితోనే కొలవండి. రాయడం అయ్యాక, ఆ నాయకుల విషయంలో మీ ఇష్టాయిష్టాలకు పూర్తిగా భిన్నమైనవి ఉన్న స్నేహితుడికో బంధువుకో చదవమని ఇవ్వండి. వారు లేవదీసిన అభ్యంతరాల్లో గట్టిదాన్ని ఎన్నుకుని, దానికి మీ సమాధానాన్ని చివరి పుటలో చేర్చి అధ్యయన కేంద్రంలో అందజేయండి.